దిబెనమ్మ

గుణుపురంలో గురువారం కూడిక
ఈ వారం మా ఇంట్లో.
కుట్టుమిషను మూలకి జరగాలి,
సగం కుట్టిన స్కూలు లంగాలు మంచమెక్కాలి,
పక్కింట్లో రెండు చాపలు అడగాలి.
అడగను.
పక్కింట్లో ఉన్నది ప్రమోదిని.

ఆమెకీ నాకూ మధ్య ఒక కుళాయి,
పొద్దున్నే ముప్పావుగంట నీళ్లు,
పదకొండు రోజులుగా మాటల్లేవు.
బిందె తన్నింది ఆమే.
దొర్లిందంటుంది.
దేవుడికి తెలుసులే అని
ఇద్దరమూ ఆయన్నే సాక్షికి పిలిచాం,
ఆమె ఒడియాలో, నేను తెలుగులో.

మా ఆయన ఆమోసు
బరంపురం పెద్దాసుపత్రిలో తొమ్మిదో రోజు.
మరిది తోడున్నాడు.
ఇక్కడ లంగాలు కుట్టకపోతే అక్కడ మందుల్లేవు.
రాత్రిళ్లు ఒక్కదాన్నే మోకాళ్ల మీద ఉంటాను.
మొదట్లో మాటలుండేవి,
తర్వాత లెక్కలు మిగిలాయి.
స్కానింగుకి ఇంత, బస్సుకి ఇంత, చీటీ బాకీ ఇంత.
ప్రభువా అని మొదలెట్టి
నాదైన కూడికలోకి దిగిపోతాను.
ఎలా వేసినా తీసివేతే వస్తుంది.

ఏడింటికి వచ్చారు.
పాస్టరుగారు రాలేదు, టైరు పంక్చరట.
ఎనిమిది మంది ఆడవాళ్లు, ఒక ముసలాయన,
ఎవరి గుంటడో ఒకడు.
చాపలు కూడా వచ్చాయి.
ఎవరు తెచ్చారో చూడలేదు,
అంచు మీద ఆ పసుపు మరక మాత్రం
రోజూ మా దడి మీద ఆరేదే.

సుసన్నా రయితా కూడా ఉంది,
సంతలో చింతపండు అమ్ముడుపోక
కొండకెళ్లే ఆఖరి జీపు తప్పిపోయి.
ఆమెది సవర. నాకు రాదు.
ఆమెకి తెలుగులో ధరలు మాత్రం వచ్చు.

కళ్లు మూసుకున్నాం.
వరసలో నా వంతొచ్చింది.
దారం తెగిన మిషనులా
సూది ఆడింది, కుట్టు పడలేదు.
ఎవరో దగ్గారు.
ఫ్యాను తిరిగింది.

అప్పుడు సుసన్నా అందుకుంది.
సంతలో బేరమాడే గొంతే,
దేవుడి దగ్గరా తగ్గించలేదు.
ఆ మాటల వాగులో
ఎక్కడా కాలు ఆనక కొట్టుకుపోతుంటే
కాలి కింద ఒక రాయి:
"దిబెనమ్మ."

నా పేరు.
'వ' పలకని నోట్లో అరిగి గుండ్రమైన
నా దీవెనమ్మ.
మళ్లీ వాగు. "ఆమోస్" అని ఇంకో రాయి.
మళ్లీ వాగు. మళ్లీ నేను.

పెళ్లయ్యాక నా పేరు పిలిచింది
రేషను డీలరు, ఆసుపత్రి చీటీ.
నేను ప్రార్థించేటప్పుడు నన్ను అంటాను, నాకు అంటాను,
పేరు పెట్టి నన్ను నేనెలా అడుక్కుంటాను?
నా పేరు ఆయన చెవిన వెయ్యాలంటే
ఇంకొకరి నోరు కావాలి.
ఇన్నేళ్లూ ఈ సంగతి నాకు తట్టలేదు.

ఇటు పక్క ఒడియాలో ఎవరో ఏడుస్తున్నారు.
కుళాయి దగ్గర రోజూ వినే గొంతు.
మధ్యలో 'పాణి' అన్నదో,
నాకే అలా తోచిందో.
కళ్లు తెరవలేదు.
తెరిస్తే ఇద్దరికీ కష్టం.

ఆమెన్ ఒక్కటే అందరికీ అర్థమైంది.
ఆ గుంటడు ఆలస్యంగా, అందరికంటే గట్టిగా అన్నాడు.
టీ గ్లాసులు చాల్లేదు,
కొందరు ఒకరి తర్వాత ఒకరు తాగారు.

ఆ రాత్రి
జ్వరం తగ్గిందని ఫోను రాలేదు.
తెల్లారినా రాలేదు.
మా వసారాలో పడుకున్న సుసన్నా
చీకటుండగానే తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది,
గుమ్మం దగ్గర గుప్పెడు చింతపండు.

కుళాయి ఐదింటికి వచ్చింది.
నాకంటే ముందు ప్రమోదిని.
మాట్లాడలేదు.
తన బిందె జానెడు పక్కకి జరిపింది.
నేనూ మాట్లాడలేదు.
పెట్టాను.

నిండేదాకా నిలబడి
కొండవైపు చూస్తూ
మెల్లగా అని చూశాను:
సుసన్నా.
ఈపాటికి సగం ఎక్కి ఉంటుంది.